కంచె మీద బోర్లించిన గ్లాసు

మేకల మామ్మ పోయిందన్న వార్త నాకు టెక్కలిలో, మా కళాశాల సమావేశ మందిరంలో, చర్చా పోటీలో ప్రత్యర్థి జట్టు మాట్లాడుతుండగా అందింది. వదిన పంపిన సందేశంలో నాలుగే మాటలున్నాయి: ‘మామ్మ పోయింది. సాయంత్రం మట్టి.’ మరో రెండు నిమిషాల్లో నా పేరు పిలిచారు. లేచి వెళ్ళి మాట్లాడాను. ఆనాటి అంశమేమిటో ఇప్పుడు నాకు గుర్తు లేదు. గెలిచామని మాత్రం గుర్తుంది. బస్సులో పలాస చేరి, అక్కడి నుంచి ఆటోలో మా ఊళ్ళో దిగేసరికి పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు గాని, మట్టి వేయడం అయిపోయింది. సమాధుల తోట నుంచి తిరిగి వస్తున్నవాళ్ళు దారిలో ఎదురయ్యారు. వాళ్ళందరి చేతులకూ మట్టి ఉంది. నా చేతిలో ప్రశంసాపత్రం ఉన్న కవరుంది.

మా ఉద్దానంలో మనిషి పోతే ఏ జబ్బుతో అని అడిగేవారు లేరు. ఎన్నాళ్ళుగా అని మాత్రం అడుగుతారు. ఇతర ఊళ్ళల్లో జ్వరం ఎంతుందని అడిగినట్టు మా ఊళ్ళో క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. మామ్మకు కిడ్నీ జబ్బు మూడేళ్ళుగా ఉంది. ఏడాదిగా వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్ళివచ్చేది. వెళ్ళివచ్చిన రోజున కూడా మేకలకు ఆకు కోసేది. చివరి వారం కోయలేదట. ‘ఆకు కొయ్యనేదు. అప్పుడే తెలిసిపోనాది నాకు’ అంది వదిన.

స్మృతి వ్యాసాల మీద నాకు గౌరవం తక్కువ. వాటిని వరుసగా నాలుగు చదివితే, ఈ లోకంలో బతికి ఉన్నవాళ్ళు మాత్రమే చెడ్డవాళ్ళన్న అభిప్రాయం కలుగుతుంది. అందుచేత ముందే చెబుతున్నాను. మామ్మ దేవత కాదు. నోరు మంచిది కాదు. ప్రతి ఆదివారం ప్రార్థనకు వచ్చి ముందు వరుసలో కూర్చునేది గాని, చుట్ట మానలేదు. మా ప్రాంతపు ముసలమ్మల పద్ధతిలో నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగేది. అందులో ఆమెకొక సౌకర్యం కనిపించింది. పాస్టరుగారు వీధిలోకి వస్తున్నారంటే చుట్టను తీసి దాచనక్కర లేదు, మూతి బిగిస్తే చాలు. ఆయన ‘బాగున్నావామ్మా?’ అంటే తల ఊపేది. ఆయన వెళ్ళిన తరువాత పొగ వదిలి, ‘దేవుడికి తెల్సు గదా, ఈయనకెందుకు సెప్పాల?’ అనేది.

ఆమె నాకు రక్తబంధువు కాదు. మా వీధి చివర, జీడితోట మొదలయ్యే చోట ఆమె ఇల్లు, ఇంటిని ఆనుకుని మేకల దొడ్డి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఉన్నవి ఏడెనిమిది మేకలు. వాటిలో పాలిచ్చేవి ఏ కాలంలోనూ మూడుకు మించవు. తెల్లవారకముందే పిండేది. మేకకు రెండు చన్నులుంటాయి. ఒక్కదాన్నే పిండేది, రెండోదాన్ని ముట్టేది కాదు. ‘అది దాని పిల్లది. నానెవల్నీ?’ అనేది.

ఆ కాసిని పాలూ మా ఊరి పసిపిల్లల్లో ఆవుపాలు పడనివాళ్ళకు వెళ్ళేవి. దానికామె ఒక పద్ధతి పెట్టింది. దొడ్డి కంచె వెంబడి ఒక తాటిచెక్క ఉండేది. ఏ పిల్లకు పాలు కావాలో ఆ పిల్ల ఇంటి గ్లాసు అక్కడే, ఆమె కంచె దగ్గరే ఉండాలి. కావలసిన రోజున దాన్ని చెక్క మీద నిలబెట్టాలి. వద్దనుకున్న రోజున కంచె గుంజకు బోర్లించాలి. గ్లాసు నిలబెట్టిన పిల్ల ఒక మోపు పనసాకు తెచ్చి మేకలకు వేయాలి. పిల్ల నడవలేని వయసులో ఉంటే తల్లి ఎత్తుకుని వచ్చి, ఆ చిన్న చేతిలో ఒక్క ఆకయినా పెట్టి వేయించాలి. ‘పాలు తాగిన నోరు ఆకు తేవాల’ అన్నది ఆమె విధించిన ఏకైక నిబంధన. పాలు కాచకుండా పట్టినట్టు తెలిస్తే మాత్రం మరునాడు గ్లాసు నిండేది కాదు.

నా గ్లాసు ఆ చెక్క మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి. అది నా కథ కన్నా ఎక్కువగా మా అమ్మ చేతుల కథ.

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు పగలగొట్టే పనికి వెళుతుంది. పిక్క తొక్కలో ఉండే జీడి రసం చర్మానికి తగిలితే కాలుతుంది, పొక్కుతుంది. బూడిద రాసుకున్నా, నూనె రాసుకున్నా ఏళ్ళు గడిచేకొద్దీ వేళ్ళు నల్లబడతాయి. మా వైపు ఆడవాళ్ళ చేతులు చూసి వారు ఎన్నేళ్ళుగా పనికి వెళుతున్నారో చెప్పవచ్చు. నాకు ఏడాదిన్నర వయసులో ఒళ్ళంతా దద్దుర్లు లేచాయట. కడుపు నిలిచేది కాదట. ఇంట్లోవాళ్ళకు కారణం వెతకవలసిన అవసరం కలగలేదు, అది ఎదురుగానే ఉంది. ‘నీ సేతుల జీడే పిల్లకి పొక్కింది’ అన్నారు. ఆసుపత్రి లేపనాలు రాశారు. తగ్గలేదు. అమ్మ నన్ను ముట్టుకోవడం మానేసింది. చేతులకు పాత చీర ముక్కలు చుట్టుకుని నాకు అన్నం పెట్టేది. చివరికి అదీ వద్దన్నారు. పది రోజులు తన బిడ్డను వాకిట్లోంచి చూసిందట.

పదకొండో రోజున మామ్మ మా ఇంటికి నిప్పు కోసం వచ్చింది. చుట్ట ముట్టించుకుంటూ నన్ను ఒళ్ళో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసిందట. ఆ సంభాషణను అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, నాకు అక్షరం అక్షరం కంఠస్థం.

‘ఏటే కోడలా, పిల్లని ముట్టుకోక ఎన్నాళ్ళయినాది?’

‘పది రోజులు అత్తా.’

‘మరి పొక్కు తగ్గిందేటి?’

‘నేదు.’

‘జీడయితే నీ సెయ్యి తగిలిన కాడ పొక్కాల. ఇది సూడు. మూతి సుట్టూ, గెడ్డం కింద, మెడ మీద. పాలు కారిన దారంట పొక్కింది. సెయ్యి కాదే పిచ్చిదానా, పాలు.’

ఆ రోజుతో నాకు ఆవుపాలు ఆపారు. మామ్మ మొదటి రోజు కాచిన మేకపాలు ఒక చెంచాడు పట్టించి, మధ్యాహ్నం దాకా నన్ను కనిపెట్టుకుని కూర్చుంది. రెండో రోజు రెండు చెంచాలు. మూడో రోజు ఏమీ పట్టకుండా ఊరికే చూసింది. నాలుగో రోజు మా ఇంటి గ్లాసు తన చెక్క మీద నిలబెట్టుకుంది. నెల తిరిగేసరికి నా ఒళ్ళు శుభ్రపడింది. అమ్మ చేతులకు చుట్టుకున్న చీర ముక్కలు విప్పేసింది.

నేనిప్పుడు వాదనలు నిర్మించడం నేర్చుకున్నాను. పుస్తకాలు చదివాను. ఒక కారణాన్ని తొలగించి, ఫలితం మారిందా లేదా అని చూడడమెలాగో ఇప్పుడు పెద్ద పెద్ద పదాలతో వివరించగలను. నా పక్షాన జరిగిన మొట్టమొదటి వాదన మాత్రం అదే. అది చేసిన మనిషికి సంతకం పెట్టడం రాదు.

నాకు ఆరేళ్ళొచ్చేదాకా ఆ గ్లాసు నిండుతూ వచ్చింది. ఆ తరువాత ఆవుపాలు కూడా పడ్డాయి. అయినా ఆకు మోయడం నేను మానలేదు. బడి నుంచి వస్తూ పనసకొమ్మ ఒకటి ఈడ్చుకొచ్చి దొడ్డిలో పడేసి, అక్కడే కూర్చునేదాన్ని. నాకు స్నేహితులు తక్కువ. ప్రతి మాటకూ ఎదురు చెప్పే పిల్లతో ఎవరు ఆడుకుంటారు? మామ్మ ఒక్కర్తే నాతో విసుగు లేకుండా తగువులాడేది. మేక తెలివైనదా గొర్రె తెలివైనదా అన్నది మేము ఒక వేసవి పొడుగునా తేల్చుకోలేదు. నేను ఆవేశపడితే, ‘అరిత్తే నిజమైపోద్దేటే గుంటా? మేక కూడా అరుత్తాది’ అనేది. నేను తడబడితే గెలవడానికి తొందరపడేది కాదు. ఆకులు సర్దుతూ, నాకు మాట దొరికేదాకా ఆగేది. ఈనాటివరకూ నాతో అలా ఆగిన ప్రత్యర్థి మరొకరు తగల్లేదు.

ఇప్పుడు, చదువరులారా, ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ఆ విషయానికి వస్తాను. రెండేళ్ళ కిందట నేను ఆమెతో ఒక వాదనలో గెలిచాను. గెలవకూడని వాదన అది.

అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. రెండు పోటీలు గెలిచి, మూడోదానికి సిద్ధమవుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. మా అన్నయ్య పనికోసం చెన్నై వెళ్ళాడు. వదినా, పద్నాలుగు నెలల మేనల్లుడూ మా ఇంట్లో ఉన్నారు. మేనల్లుడని అలవాటుగా అంటున్నాను. వాడు పుట్టిన నాటి నుంచీ తన తల్లికన్నా ఎక్కువగా నన్ను అంటిపెట్టుకున్నవాడు. వదినకు పాలు తగ్గిపోయాయి. ఒకసారి ఆవుపాలు పడితే వాడి పెదాలు ఉబ్బాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. భయపడి ఆపేశారు. పాలు లేకుండా గుంటడు ఎలా పెరుగుతాడని వదిన కంటికి నిద్ర లేదు. నాకు మాత్రం సమస్యే కనిపించలేదు. జవాబు మా వీధి చివర ఉంది. ఆ జవాబుకు రుజువుగా నేనున్నాను.

బజారులో చిన్న స్టీలు గ్లాసు ఒకటి కొని, దాని మీద వాడి పేరు కొట్టించాను. మరునాడు తెల్లవారుతుండగా వెళ్ళి మామ్మ చెక్క మీద, నా పాత గ్లాసు పక్కన నిలబెట్టాను. అప్పటికే ఆమె ముఖంలో నీరు చేరింది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. కంచె దగ్గర మరో ఇద్దరు తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు.

‘ఎవులికే?’ అంది.

‘అన్నయ్య కొడుక్కి.’

‘ఆవుపాలు తాగితే ఏటవుతాది?’

‘పడడం లేదు.’

‘పడకపోడం అంతే ఏటి? కడుపు కదుల్తాదా, ఒళ్ళు పొక్కుతాదా, మూతి పొంగుతాదా?’

‘ఒకసారి పెదాలు కాస్త ఉబ్బాయి. దగ్గు కూడా...’

నా మాట పూర్తి కానివ్వలేదు. ఆ చిన్న గ్లాసు తీసి కంచె గుంజకు బోర్లించింది. నేను దాన్ని తీసి మళ్ళీ చెక్క మీద నిలబెట్టాను. ఆమె మళ్ళీ బోర్లించింది. మూడోసారి నేను చెయ్యి చాస్తే, ఉబ్బిన అరచేయి ఆ గ్లాసు మీద పెట్టి అలాగే ఉంచింది.

‘నాకు పోశావు కదా మామ్మా!’

‘నీకు ఒళ్ళు పొక్కింది. మూతి పొంగనేదు. మేక నాదే గానీ, పాలు పాలేనే. ఆవుకి సుట్టమే. నువ్వు బతికి బట్ట కట్టినావని ఊరందరికీ పోసీమంటావేటి? ఎనకటికి ఒక గుంటడికి మూతి పొంగుతాదని తెలిసీ పోసినాను. ఊపిరందక నీలంగయిపోనాడు. బతికినాడు. అది నా గొప్ప కాదు.’

ఆ రోజు నేను మా ఊరి మాటలో మాట్లాడలేదు. వేదిక మీద మాట్లాడే భాషలో మాట్లాడాను. ‘ఎప్పుడో ఒక్క పిల్లవాడికి జరిగినదాన్ని బట్టి అందరికీ అదే జరుగుతుందనడం తర్కం కాదు’ అన్నాను.

‘మరి నువ్వొక్కదానివి బాగుంతే అందరూ బాగుంతారనడం ఏటి?’

ఓడిపోతున్న క్షణంలో వాదనను వదిలి మనిషి మీదికి దూకడం నీచమైన ఎత్తుగడ అని నాకు తెలుసు. ఆ తప్పును ఎదుటివారిలో పట్టుకుని నేను పోటీలు గెలిచాను. అయినా దూకాను. ‘చేతులు వాచి పిండలేకపోతున్నావు. పాలు లేవని ఒప్పుకోలేక నెపం మా పసివాడి మీద పెడుతున్నావు’ అన్నాను. పక్కనున్న తల్లుల్లో ఒకామె నవ్వింది. రెండో ఆమె తల దించుకుంది. మామ్మ తన వేళ్ళ వంక ఒకసారి చూసుకుంది.

‘అలగే అనుకో’ అంది. చుట్ట కోసం రొంటిన వెతుక్కుంది.

వేదిక మీద అలాంటి దెబ్బ కొడితే న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారు. కంచె దగ్గర న్యాయనిర్ణేతలు లేరు. నేను గెలిచాననుకుని ఇంటికి వచ్చాను.

పక్క వీధిలో మేకలున్నవాళ్ళు మరొకరు ఉన్నారు. మరునాటి పొద్దున వాళ్ళ దగ్గర పాలు తెచ్చాను. పొయ్యి మీద కాగుతుండగా వాకిట్లో కర్ర చప్పుడయింది. మామ్మ వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

‘కాపలా వచ్చావా మామ్మా?’ అన్నాను.

‘ఎండకి కూకున్నాను. ఎండ మీ అబ్బదేటి?’ అంది. కర్ర పక్కన పెట్టి, నా వైపు చూడకుండా, మెత్తగా అంది: ‘ఒగ్గీయే గుంటా. డాట్రుకి సూపించి, అప్పుడు పొయ్యి.’

వదిన నా మొహం చూసింది. ‘నువ్వు సదూకున్నదానివి. నీకు తెల్దేటి?’ అంది.

నాకు తెలుసన్నాను. రెండు చెంచాలు పట్టాను.

ఆ తరువాతి సంగతి క్లుప్తంగా చెబుతాను, దాన్ని పొడిగించి రాయగల శక్తి నాకు లేదు. ముందు పెదాలు, ఆ తరువాత కళ్ళ రెప్పలు ఉబ్బాయి. వాడు ఏడవబోయాడు, ఏడుపు రాలేదు. ఈలలాంటి సన్నని చప్పుడు వచ్చింది. వదిన కేక పెట్టే లోపలే అరుగు మీది నుంచి మరో కేక వినిపించింది: ‘ఒరే ఆటో! బేగి రా!’ ఆటో మా వీధిలోనే ఉంది. పలాస దాకా నా ఒళ్ళో ఆ ఈల చప్పుడు వింటూ వెళ్ళాను. మొదట్లో అది ఆగిపోవాలని కోరుకున్నాను. సగం దారిలో ఆగిపోకూడదని కోరుకున్నాను. ఆసుపత్రిలో సూది మందు ఇచ్చారు. వాడు బతికాడు.

ఆ పొద్దున్న వేళ, ఆటోలన్నీ జీడి పనివాళ్ళను ఎక్కించుకుని పలాస వెళ్ళిపోయే వేళ, మా వీధిలో ఒక ఆటో ఎందుకు ఉందని నేను ఆలోచించలేదు. వారం తరువాత ఆ ఆటో నడిపే అతనే అమ్మతో చెప్పాడు: ‘తెల్లారకుండా వచ్చినాది ముసల్ది. ఇయ్యాల బాడుక్కెల్లకురా, ఈదిలోనే ఉండు, గుంటడితో పనుంతాది అన్నాది. నాను ఏ గుంటడో అనుకున్నాను.’

పిల్లల డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఓపికగా చెప్పింది: ఆవుపాలలో వాడి ఒంటికి సరిపడని మాంసకృత్తులకు దగ్గరి పోలిక ఉన్నవే మేకపాలలోనూ ఉంటాయి. ఒంటికి అలా ఎదురుతిరిగే పిల్లల్లో చాలామందికి మేకపాలు కూడా అపాయమే. కొందరికి కడుపులో తేలికగా ఉండవచ్చు, కొందరికి నాలాగా పడవచ్చు. ఎవరికి పడతాయో, ఎవరికి పడవో పరీక్షించి డాక్టరు చెప్పాలి తప్ప ఇంట్లో తేల్చుకోకూడదు. ఏడాది నిండని పసివాళ్ళకైతే తల్లిపాలకు బదులుగా అసలు పట్టకూడదు. పాలు లేకుండానే వాడిని ఎలా పెంచాలో కాగితం మీద రాసి ఇచ్చింది. ఆమె చెబుతుంటే నాకు ఒక్కటే వినిపిస్తోంది. కడుపు కదుల్తాదా, ఒళ్ళు పొక్కుతాదా, మూతి పొంగుతాదా. డాక్టరు అరగంటలో చెప్పినదాన్ని మామ్మ మూడు ప్రశ్నల్లో అడిగింది.

సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. ఆమె కూర్చున్న చోట చుట్ట బూడిద మాత్రం రాలి ఉంది. పొద్దున్న నుంచి ఎంతసేపు కూర్చుందో ఆ బూడిద చెబుతోంది. అమ్మ దాన్ని ఊడవలేదు. నేనూ ఊడవలేదు.

‘నాను సెప్పినాను గదా’ అన్న మాట ఆమె ఆనాడూ అనలేదు, ఆ తరువాతా అనలేదు. మరుసటి ఆదివారం ప్రార్థన అయిన తరువాత గుమ్మం దగ్గర ఎదురై, ‘గుంటడు తిన్నాడేటి?’ అని అడిగింది. తిన్నాడన్నాను. చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.

‘నువ్వు చెప్పిందే నిజం మామ్మా, నాదే తప్పు.’ ఇంతే వాక్యం. రెండేళ్ళపాటు దాన్ని నోట్లో ఉంచుకున్నాను. సెలవులకు వచ్చిన ప్రతిసారీ ఆ వీధి చివరికి నడవకుండా ఉండడానికి కొత్త దారులు కనిపెట్టాను. మా ఊళ్ళో నేను మాట్లాడగలిగిన మనిషి ఒక్కతే. ఆ మనిషితోనే మాట్లాడలేకపోయాను. కళాశాలలో వందమంది మధ్య ఉంటాను. వాళ్ళలో నాకు భయపడేవాళ్ళున్నారు, నన్ను మెచ్చుకునేవాళ్ళున్నారు. నేను తడబడితే ఆకులు సర్దుతూ ఆగేవాళ్ళు లేరు.

ఒకే ఒక్కసారి సాహసించాను. నిరుడు వేసవిలో పనసకొమ్మ ఒకటి విరుచుకుని దొడ్డికి వెళ్ళాను. ఆమె ఒక మేక కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్టలు చెక్కుతోంది. ‘మామ్మా, ఆ రోజు...’ అన్నాను. ఆమె తలెత్తలేదు. ‘ఆ కొమ్మ ఇలగియ్యి, ఇది కాలు నిలపడం నేదు’ అంది. ఇచ్చాను. మేక ఆకు అందుకుని నిమ్మళించింది. ఆమె నన్ను తప్పించిందా, లేక నాకు మాట దొరికేదాకా ఎప్పటిలాగే ఆగిందా అని ఈ రోజుకూ తేల్చుకోలేకుండా ఉన్నాను. ఆగిందేమో. నేను మాత్రం బతుకుజీవుడా అని వచ్చేశాను.

చివరిసారి చూసింది పలాస దారిలో. ఆమె డయాలసిస్ నుంచి ఆటోలో తిరిగి వస్తోంది. నేను బస్సు కోసం నిలబడ్డాను, చేతిలో ఏదో పోటీలో వచ్చిన కప్పు ఉంది. ఆటో ఆపించింది. ముఖం గుర్తుపట్టలేనంతగా వాచి ఉంది.

‘అదేటే, గెలిసినావేటి?’

‘గెలిచాను మామ్మా.’

‘మంచిదే. ఓడిపోయినోల్లు బాగా ఇంటికెల్లినారా?’

నేను నవ్వాననుకుంటాను. ఆటో కదిలిపోయింది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే. అది వేళాకోళమా, నిజంగా అడిగిందా అన్నది నేను అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు పోటీ ముగిసిన ప్రతిసారీ ఎదుటి జట్టువాళ్ళు మందిరం మెట్లు దిగేదాకా నా కళ్ళు వాళ్ళ వెంట వెళుతున్నాయి.

మూడో రోజున ఆదరణ కూడిక పెట్టారు. పోయిన మనిషిని గురించి తెలిసినవాళ్ళు లేచి రెండు మాటలు చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. ఊరంతా నా వైపు చూసింది. ఇంత నోరున్నదాన్ని, ఆమె పాలు తాగి పెరిగినదాన్ని, నేను లేవకపోతే ఇంకెవరు లేస్తారు? పాస్టరుగారు కూడా నా పేరు పిలిచారు. లేచాను. నా ఎదురుగా వదిన కూర్చుని ఉంది, ఆమె ఒళ్ళో మేనల్లుడు ఉన్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాను. అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు. ఏడవలేదు. ఒప్పుకోవలసిన మనిషి ఎదుట లేనప్పుడు ఒప్పుకోవడం ఎలాగో ఎవరూ నాకు నేర్పలేదు. కూర్చుండిపోయాను.

అప్పుడు మా అమ్మ లేచింది. ఆమె ఏనాడూ సభలో మాట్లాడినది కాదు. నల్లని చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు కింద దాచుకుంది.

‘మా యత్త నా సేతులు నాకు తిరిగిచ్చినాది’ అంది. కూర్చుంది.

కూడిక ముగిసిన తరువాత మేకల్ని తోలుకుపోవడానికి హరిశ్చంద్రపురం దగ్గర నుంచి ఆమె చెల్లెలి కొడుకు వచ్చాడు. ఒక్కొక్కదాన్నీ ఎత్తి బండిలో వేశారు. అవి పెద్దగా అరవలేదు. దొడ్డి ఖాళీ అయిన తరువాత అతను కంచె వైపు చూసి, ‘ఎవులి గలాసులు ఆలు అట్టుకెలిపోండి’ అన్నాడు. ఊరివాళ్ళు వచ్చి తలా ఒకటి తీసుకున్నారు. కొందరి గ్లాసులు పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నాయి. పిల్లలు పెద్దవాళ్ళయిపోయినా ఎవరూ తీసుకువెళ్ళలేదు, ఆమె తీసిపారెయ్యలేదు. నా గ్లాసు చెక్క చివర ఉంది. అంచు దగ్గర సొట్ట పడింది. దాన్ని తీసి సంచిలో వేసుకున్నాను.

దాని పక్కన గుంజకు మేనల్లుడి చిన్న గ్లాసు ఉంది. ఆనాడు ఆమె ఎలా బోర్లించిందో అలాగే ఉంది. రెండేళ్ళ వానలకూ ఉప్పుగాలికీ గుంజ బిర్రబిగిసి, గ్లాసు అంచు చుట్టూ తుప్పు కారింది. వాడు నా చెయ్యి వదిలించుకుని దాని దగ్గరికి పరుగెత్తాడు. అది వాడిదని వదిన ఎప్పుడో చూపించింది. ‘అత్తా, నా గలాసు! తియ్యి!’ అన్నాడు.

చెయ్యి చాచాను. ఆమె అరచేయి పెట్టిన చోట నా అరచేయి పెట్టాను. ఎండకు వెచ్చగా ఉంది.

‘వద్దురా. మామ్మ పెట్టినాది. ఉండనీ’ అన్నాను.

అందరూ వెళ్ళిపోయారు. టెక్కలి నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ వీధి చివరికి వెళుతున్నాను. దొడ్డిలో గడ్డి మొలిచింది. తాటిచెక్కను ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. కంచె సగం ఒరిగిపోయింది. ఒరిగిన ఒక గుంజ మీద, ఆమె చేతితో బోర్లించిన ఆ చిన్న గ్లాసు ఉంది. దాని మీద జీడిపూత రాలి, గాలికి జారిపోతూ ఉంటుంది.